కడియంలో దూరని బంతి

ఆ ఎండకాలం మా ఇంట్లో పొయ్యి టేబుల్ టెన్నిస్ బంతులతో అంటుకుంది. పొద్దుకొకటి. పాత బంతి అగ్గిపుల్ల తగలగానే భగ్గుమంటుంది, కర్పూరం వాసన కొడుతుంది. "దేవునికి హారతిచ్చినట్టే ఉన్నది" అనేది నా భార్య గుర్వమ్మ, పుల్లలు లోపలికి తోస్తూ. ఆ బంతులను పదిహేనేళ్లు పెట్టెలో దాచింది నేనే. పొయ్యిలో వెయ్యమని ఆమె చేతికిచ్చిందీ నేనే.

హాలియాలో కాలువ ఆఫీసు వెనకాల ఒక పాత క్లబ్బు ఉంది. ముప్పై ఏళ్లు నేను దానికి వాచ్‌మన్‌ని. ఇంజనీర్లు సాయంత్రాలు ఆడేవారు. ఒక మనిషి తక్కువైతే గేటు దగ్గరున్న నన్ను పిలిచి చేతిలో బ్యాటు పెట్టేవారు. మాది గొంగళ్లు నేసే ఇల్లు. చిన్నప్పటి నుంచి కదురు తిప్పిన వేళ్లు నావి. బ్యాటును బంతి కిందుగా తెచ్చి, కదురు తిప్పినట్టు తిప్పి వదిలేవాణ్ని. అవతల పడగానే బంతి పక్కకు పాకిపోయేది. ఇంజనీరు సార్లు గాలిలో బ్యాటు ఊపి నవ్వుకునేవారు. "ఐలేశం బంతికి పురి పెట్టిండు" అనేవారు. మూడో తరగతితో బడి మానేసినవాణ్ని. నన్ను ఎవరైనా మెచ్చుకున్నారంటే ఆ పురికే.

రెండువేల సంవత్సరంలో బంతిని పెద్దది చేశారు. ముప్పై ఎనిమిది మిల్లీమీటర్లది నలభై అయింది. సార్లు నాలుగు రోజులు ఆడి, మజా పోయిందన్నారు. చివరికి మిగిలిన సారు బదిలీ మీద పోతూ, చిన్న బంతుల పెట్టె నాకిచ్చి పోయాడు. నౌకరీ అయిపోయినా క్లబ్బు తాళంచెవి నా మొలతాడుకే ఉండిపోయింది. నా మనవరాలు వర్షితకు ఏడేళ్లప్పటి నుంచి ఆ బల్ల మీద, ఆ చిన్న బంతులతోనే ఆట నేర్పాను. హాలియాలో ఇంకో బల్ల లేదు. ఇంకో బంతి ఉంటుందని పిల్లకు తెలియదు.

నాకు తెలుసు.

రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు అది. మాఘమాసంలో వర్షిత బడి డ్రిల్లు సారు సతీశ్ క్లబ్బుకు వచ్చాడు. జేబులోంచి చిన్న డబ్బా తీశాడు. అందులో మూడు తెల్ల బంతులు.

"తాతా, గీసారి నల్లగొండ పోటీల్ల ప్లాస్టిక్ బంతంట. నలభై కంటె జర ఎక్కువనే ఉంటదంట. పిల్లకు గిప్పటి సంది అలవాటు చెయ్యి."

"బంతి బంతే గద సారూ."

"నీకు నేను చెప్పేటంతటోన్నా? జర చూడుమంటున్న, గంతే."

సారు పోయాక తలుపు వేసుకున్నాను. కొత్త బంతితో నా సర్వీసు వేశాను. బంతి అవతల పడి, పాకలేదు. కొట్టించుకుంటానన్నట్టు నిటారుగా లేచి నిలబడింది. మళ్లీ వేశాను. మొదట నా చేతిదే తప్పనుకున్నాను. పదోసారికి బంతిదే తప్పనుకున్నాను.

ఆ డబ్బా పట్టుకుని ఇంటికి వచ్చాను. సందుగలో వర్షిత పుట్టినప్పుడు వేసిన వెండి కడియం ఉంది. పాత బంతిని అందులో పెడితే జారి అరచేతిలో పడింది. కొత్తది సగం దూరి అక్కడే కూర్చుంది. తేడా ఎంతుందని చూస్తే జొన్నగింజలో సగం కూడా లేదు. ఇంతదానికి నలభై ఏళ్ల ఆట మార్చుకోవాలా అనుకున్నాను. కడియం సందుగలో పెట్టేశాను. డబ్బా తీసుకుపోయి క్లబ్బు అటక మీద, పాత నెట్టు వెనక పెట్టాను. పిల్లకు చెప్పలేదు.

ఏప్రిల్‌లో నల్లగొండ పోయాం. ఒక బడి హాల్లో నాలుగు బల్లలు వేశారు. బంతి కొట్టుకుపోతుందని ఫ్యాన్లు బంద్ చేశారు, కిటికీలు మూశారు. ఎండకు కాగిన గోడలకు చెయ్యి ఆనించలేకపోయాం. వర్షితకు పోటీగా కట్టంగూర్ పిల్ల సుహాసిని వచ్చింది. ఇద్దరిదీ ఒకే ఈడు.

నాకూ వర్షితకూ ఒక గుర్తు ఉండేది. నేను ఒక వేలు చూపిస్తే పురి సర్వీసు. రెండు వేళ్లయితే మామూలుది. మొదటి బంతికే ఒక వేలు చూపాను. పిల్ల వేసింది. ఆ బంతి నిటారుగా లేచింది. సుహాసిని తాపీగా చెయ్యి చాచి, మూలకు కొట్టింది.

వర్షిత నావైపు చూసింది. మళ్లీ ఒక వేలే చూపాను.

మూడు ఆటల్లో ఒక్కదాంట్లో కూడా పిల్ల ఐదు పాయింట్లు దాటలేదు. ప్రతి పాయింటుకూ నావైపు చూసేది. నేను ప్రతిసారీ అదే వేలు చూపేవాణ్ని. వేరే ఎత్తు నాకు రాదు. నా వెనక బెంచీ మీద ఎవరో అన్నారు, "ఎవలు నేర్పిండ్రో గీ పిల్లకు, మా తాతల నాటి ఆట ఆడతాంది." నవ్వారు. ఆ మాట వర్షితకూ వినబడింది. నావైపు చూడలేదు. నేను నేర్పానని వాళ్లకు తెలియకుండా ఉండాలని చూడలేదని తర్వాత తెలిసింది.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని తన కుడిచెయ్యిని ఎడమచేత్తో పట్టుకుని చూసుకుంటూ వచ్చింది.

ఇంట్లో నా కొడుకు రాజేశ్ వరికోత మిషన్ పని మీద నుంచి అప్పుడే వచ్చి ఉన్నాడు. వడ్ల దుమ్ము ఇంకా ఒంటి మీదే ఉంది.

"ఏమాయె?"

"ఓడిపోయిన బాపూ."

"ఎంతల?"

చెప్పింది. రాజేశ్ తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు.

"జూన్‌ల ఇంకోటి ఉన్నదంటివి గద, జిల్లా టీముకు ఏరుకునేది?"

"ఉన్నది. నలుగురిని తీస్కుంటరు."

"ఆడు. వద్దంట లేను. గని గదే ఆఖరు బిడ్డా. టీముల రాకపోతివా, బ్యాటు అటక మీద పెట్టుడే. వచ్చే ఏడు నీది పదో తరగతి." తర్వాత నావైపు తిరిగాడు. "నాయినా, నువ్వు గూడ ఇన్నవ్ గద?"

విన్నానన్నట్టు తల ఊపాను.

మరునాటి నుంచి వర్షిత ఒక్కతే క్లబ్బులో సర్వీసు వేసింది. పాత బంతులతోనే. రెండు వందలు, మూడు వందలు. ఎదుట నేను ఉన్నా లేనట్టే వేసింది. వారం తిరిగేసరికి మణికట్టు వాచింది. కోడలు శోభ పసుపు నూరి పట్టు వేస్తూ, "జర ఆగరాదే" అంటోంది.

"నా చెయ్యే మంచిగ లేదమ్మా" అంది వర్షిత. "గీడ మంచిగనే పడతది. గాడ పడలే. నా చెయ్యికే బయం."

నేను వసారాలో ఉన్నాను. ఆ మాట విని లేచాను. క్లబ్బుకు పోయి అటక మీది డబ్బా తెచ్చాను. సందుగలోంచి కడియం తీశాను. రెండూ తెచ్చి పిల్ల ముందు చాప మీద పెట్టాను. పక్కన ఒక పాత బంతి పెట్టాను.

వర్షిత కడియాన్ని గుర్తుపట్టింది. "గిదెందుకు?" అంది. నేను పాత బంతిని వేశాను. దూరి చాప మీద పడింది. కొత్తది చేతికిచ్చాను. తనే పెట్టింది. ఆగిపోయింది. వేలితో నొక్కింది. దూరలేదు.

"నల్లగొండల ఆడింది గిదేనా?"

"గిదే."

"గివి మన దగ్గర ఎప్పటి సంది ఉన్నయ్?"

"మాఘంల సతీశ్ సారు ఇచ్చిండు."

"నువ్వు ఏసి చూసినవా తాతా?"

"చూసిన."

"పురి పట్టిందా?"

"పట్టలే."

లోపల నూలు వడుకుతున్న గుర్వమ్మ కదురు ఆపింది. "ఓ ముసలోడా, పిల్ల చెయ్యి బూరెలెక్క వాచింది. నువ్వు తెలిసి దాచినవా? నోట్ల నాలుక లేదా నీకు?"

వర్షిత కడియంలోంచి బంతిని తీసి డబ్బాలో పెట్టి, మూత వేసి, లోపలికి పోయింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నేను తినే కంచం తనే పెట్టింది, మంచినీళ్లు తనే ఇచ్చింది. మాట మాత్రం లేదు. మాటలు లేకపోవడం నాకు అలవాటే అనుకునేవాణ్ని. అవతలివాళ్ల నుంచి అయితే ఎట్లుంటుందో అప్పుడు తెలిసింది.

మూడో రోజు తెల్లారి ఐదు గంటలకు క్లబ్బు ఊడ్వడానికి పోతే, మెట్ల మీద కూర్చుని ఉంది. ఒళ్లో ఆ డబ్బా.

"తాళం తియ్యి."

తీశాను.

"ఇయ్యాల్టి సంది నువ్వు నాకు ఏం చెప్పకు తాతా. ఎదురుంగ నిలవడి బంతి తిరిగిచ్చుడే. సాలు."

"సరే."

"పాతయి నా కండ్లకు అవుపడొద్దు."

ఆ పూట ఇంటికి పోయేటప్పుడు పెట్టె భుజాన వేసుకుపోయాను. గుర్వమ్మ పొయ్యి ముందు కూర్చుని ఊదుతోంది. పచ్చి కట్టెలు, పొగ. పెట్టె ఆమె పక్కన దించాను.

"ఏందియి?"

"అంటించుకో."

ఆమె నా మొహం చూసింది. ఒక బంతిని కట్టెల కింద పెట్టి పుల్ల గీసింది.

ఆ ఏడు మే నెల ఎండలు నా అరవై ఎనిమిదేళ్లలో నేను చూడలేదు. పది గంటలకే బజారు ఖాళీ అయ్యేది. వడదెబ్బకు మా వాడలోనే ఇద్దరు ముసలోళ్లు పోయారు. మేం ఐదింటికి మొదలుపెట్టి ఎనిమిదికి ఆపేవాళ్లం. ఫ్యాను వేసుకుంటే బంతి నిలవదు. చెమటకు బ్యాటు పిడి జారితే, పిడికి గుర్వమ్మ గొంగడి నూలు చుట్టి ఇచ్చింది.

కొత్త బంతి మెల్లగా వస్తుంది. మెల్లగా వస్తుందని సంబరపడితే, మనం కొట్టిందీ మెల్లగానే పోతుంది, తిరిగొస్తుంది. చిన్న బంతితో రెండు మూడు దెబ్బల్లో పాయింటు తేలేది. దీనితో ఎనిమిది, పది. నాకు నాలుగో దెబ్బకే ఆయాసం. వర్షితకు ఏడో దెబ్బకు. నేను ఓడిపోతుంటే పిల్ల ఆగదు. "అందుకో తాతా" అంటుంది. నేను బల్లకు చెయ్యి ఆనించి నిలబడితే, నీళ్ల సీసా నా దిక్కు దొర్లించి తను గోడకు కొట్టుకునేది.

రెండో వారంలో మూడు బంతుల్లో రెండు పగిలాయి. ఒకటే మిగిలింది. దాన్ని రాత్రి బియ్యం డబ్బాలో పెట్టి దాచుకుంది. ఆ శనివారం రాజేశ్ మిర్యాలగూడ నుంచి వచ్చి, వసారాలో చెప్పులు విడుస్తూ జేబులోంచి ఒక డబ్బా తీసి దండెం కింద పెట్టాడు.

"ఏంది బాపూ?"

"మిషన్ సామాను కోసం పోతే దుకాన్ల అవుపడ్డయ్. గవేనా కాదా నాకేం ఎరుక, చూస్కో."

కడియంలో దూరలేదు. అవే.

అయినా సర్వీసు కుదరలేదు. అదే నిటారు బంతి. పిల్ల వేళ్లు తిప్పీ తిప్పీ అలసిపోతోంది. ఏం చెప్పొద్దంది కాబట్టి నేను చెప్పలేదు. చెప్పడానికి నాకూ తెలియదు.

ఒకనాడు గుర్వమ్మ అంబలి గిన్నె పట్టుకుని క్లబ్బుకు వచ్చింది. ముప్పై ఏళ్ల నా నౌకరీలో కూడా ఆమె ఆ గడప తొక్కలేదు, అదే మొదలు. బెంచీ మీద కూర్చుని చాలాసేపు చూసింది.

"ఏమే వర్షితా, గంత పెద్ద బంతిని వేళ్లతోటి తిప్పుతవేందే?"

"మరి దేంతోటి తిప్పాలవ్వా?"

"సన్న నూలుకైతె వేళ్లు సాలు. గొంగడి అంచుకు మోటు నూలు వడికేటప్పుడు నేనేం జేస్త? కదురును తొడ మీద పెట్టి రాస్త. మోటు దానికి ఒళ్లు పెట్టాలె బిడ్డా. గీయనకు తెల్వదా? గొంగడోళ్ల ఇంట్ల పుట్టి ఏం లాభం?"

"నాకు సన్న నూలే వచ్చు" అన్నాను.

"నీకొచ్చింది సన్న నూలు, మాటల పొదుపు, గంతే" అంది గుర్వమ్మ. వర్షిత పక్కున నవ్వింది. మూడు వారాల్లో అదే మొదటి నవ్వు.

నవ్వుతూనే మోకాళ్లు వంచింది. చేతిని వెనక్కి లాగలేదు, నడుమును తిప్పింది. బ్యాటు ఒళ్లంతటితో కలిసి వచ్చింది. బంతి నెట్టు దాటి పడింది. పక్కకు పాకలేదు. లేవలేదు కూడా. ముందుకు జారి, నా బ్యాటు కిందుగా పోయింది.

వంగి బంతి ఏరి తిరిగిచ్చాను.

ఆ రోజు తర్వాత ఇంక ఆపలేదు. నూరు వేస్తే మొదట ఇరవై పడేవి. జూన్ వచ్చేసరికి డెబ్బై పడ్డాయి. తక్కినవాటికి నేను కొట్టిన దెబ్బలను వెనక్కి జరిగి ఆడడం నేర్చుకుంది. పది దెబ్బలైనా, పదిహేనైనా ఊపిరి తీసుకుని నిలబడేది. సర్వీసుతోనే పాయింటు రావాలన్న ఆశ పోయింది. బల్ల దగ్గర ఆమె నిలబడే తీరే మారిపోయింది.

జూన్ రెండు రాష్ట్ర పండుగకు కట్టిన తోరణాలు ఇంకా వీధుల్లో వేలాడుతున్నాయి. నల్లగొండలో అదే హాలు, అవే మూసిన కిటికీలు. ఈసారి రాజేశ్ కూడా వచ్చాడు. వర్షిత ఇద్దరు పిల్లలను ఓడించింది. మూడో పిల్లను కూడా ఓడిస్తే టీములోకి తీసుకునే నలుగురిలో ఒకతి. పేరు చదివారు. ఎదుట సుహాసిని.

"ఓ, నువ్వా?" అంది కట్టంగూర్ పిల్ల, బ్యాటు తుడుచుకుంటూ. "పురి తెచ్చినవా మల్ల?"

"తెచ్చిన" అంది వర్షిత. "జర మోటుది."

మొదటి ఆట పోయింది. రెండోది వచ్చింది. మూడోది పోయింది. నాలుగోది పదకొండు తొమ్మిదితో వచ్చింది. ఐదోదాంట్లో సుహాసిని ముందుకు పోయింది, వర్షిత పట్టుకుంది. తొమ్మిది తొమ్మిది. సర్వీసు వర్షితది. రాజేశ్ నా పక్కన తువ్వాలను పిండుతున్నాడు.

అప్పుడు పిల్ల బంతి పట్టుకుని నావైపు చూసింది. ఏడేళ్ల అలవాటు. మాట వద్దన్నా కళ్లు వచ్చేశాయి.

నేను రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను.

ఒక్క క్షణం అట్లే చూసింది. తర్వాత బల్ల వైపు తిరిగింది. మోకాళ్లు వంచింది. కొత్త సర్వీసు వేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. మామూలు సర్వీసే, కొంచెం పొడుగ్గా వేసింది. సుహాసిని గట్టిగా కొట్టింది. వర్షిత రెండడుగులు వెనక్కి జరిగి తిరిగిచ్చింది. మళ్లీ కొట్టింది. మళ్లీ ఇచ్చింది. హాల్లో వేరే బల్లల మీద ఆట ఆగింది. నేను దెబ్బలు లెక్కపెట్టాను. పందొమ్మిదో దెబ్బకు సుహాసిని బంతి నెట్టుకు తగిలి ఆమె వైపే పడింది.

పది తొమ్మిది. ఈసారి వర్షిత నావైపు చూడలేదు. నడుము తిప్పింది. బంతి ముందుకు జారి, సుహాసిని బ్యాటు కిందుగా పోయింది.

రాజేశ్ లేచి నిలబడి, ఏం చెయ్యాలో తెలియక, మళ్లీ కూర్చున్నాడు. "నాయినా, గిది అయిపోయినట్టేనా?" అని అడిగాడు.

"అయిపోయింది" అన్నాను.

సుహాసిని వచ్చి వర్షితతో చెయ్యి కలిపింది. "ఎవలు నేర్పిండ్రే గా సర్వీసు?" అని అడిగింది.

"మా అవ్వ" అంది వర్షిత. "గొంగడి నేసే అవ్వ."

బస్సులో తండ్రి భుజం మీద తల పెట్టుకుని కళ్లు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాను. హాలియా ఇంకా దూరం ఉండగా కళ్లు తెరవకుండానే అడిగింది.

"తాతా, తొమ్మిది తొమ్మిదప్పుడు చేతులు తీసి ఉంటే ఎన్ని వేళ్లు చూపెడుదువు?"

అబద్ధం చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు.

"ఒక్కటే."

"నాకెరుక" అంది. చెయ్యి చాచి నా మోకాలి మీద పెట్టింది. ఇల్లు చేరే దాకా తియ్యలేదు.

మరునాడు తెల్లారి నేను ఐదింటికి లేచేసరికి గుర్వమ్మ పెట్టెను బోర్లించి దులుపుతోంది. బంతులు అయిపోయాయి. "ఇంక పొయ్యిల గాసునూనె పోసుడే" అని గొణుక్కుంది. కర్పూరం వాసన పొయ్యి చుట్టూ ఇంకా కొంచెం ఉంది.

క్లబ్బుకు పోయి ఊడ్చాను. బల్ల తుడిచాను. వర్షిత ఆవులిస్తూ వచ్చింది. రాష్ట్ర పోటీలకు ఇరవై రోజులే ఉన్నాయి. బ్యాటు తీసుకుని తన వైపు నిలబడి, బంతి కోసం చెయ్యి చాచింది. నేను ఇవ్వలేదు.

"ఏంది తాతా?"

గొంతు సవరించుకున్నాను.

"గది ఎట్ల ఏస్తున్నవో జర నాకు చూపియ్యి."

పిల్ల నన్ను పైనుంచి కిందికి చూసింది. బల్ల చుట్టూ తిరిగి నా పక్కకు వచ్చి నిలబడింది.

"కాళ్లు వంచు."

"అరవై ఎనిమిదేండ్లున్నయ్ పిల్లా నాకు."

"అయితేంది? వంచు. వేళ్లు ఇడిసిపెట్టు. నడుము, నడుము తిప్పాలె."

వంచాను. మోకాళ్లు కిర్రుమన్నాయి. తిప్పి వేశాను. బంతి నెట్టుకు తగిలి, దొర్లుకుంటూ నా దగ్గరికే వచ్చింది.

"మల్ల ఎయ్యి" అంది.

బంతి అందుకున్నాను.